వాలని విమానం

“విమానాశ్రయంలో రెండో బీము వంగిందట!”

పొద్దున్న ఆరున్నరకి టెలిఫోను చేత్తో పట్టుకుని మేస్త్రిగారు వేసిన ఆ కేకకి వీధిలో వెళుతున్న పాల సైకిలు ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. పెరట్లో తల ఆరబెట్టుకుంటున్న పిన్నిగారు లోపలికొచ్చారు.

“మరి మొదటి బీము సంగతేమిటి?”

“అది చెప్పలేదు. బాగానే ఉండి ఉంటుంది. ఎవరో ఒకావిడ, ఏడుపు దిగమింగుకుంటూ మాట్లాడింది. రెండో బీము వంగింది, మావాళ్ల మీద పెడుతున్నారు, పదకొండు లోపల పిన్నిగారు రాకపోతే నా కొంప మునుగుతుంది అంది. పెట్టేసింది.”

నలభై ఏళ్లు ఇళ్లు కట్టిన మేస్త్రిగారికి చెవి కాస్త మందం. కట్టడం అంటే మాత్రం ప్రాణం. భార్య పాతికేళ్లు పోలీసు దర్యాప్తులు చేసి, ఇప్పుడు సొంతంగా డిటెక్టివ్ పని చేస్తున్నా, తను చేయి వెయ్యదగ్గ కేసు ఇన్నాళ్లకి ఒక్కటి తగిలిందని ఆయన సంబరం. గబగబా వెళ్లి తన తూకం గుండు తెచ్చారు. పొడుగాటి దారానికి కట్టిన ఇత్తడి గుండు. దారం పట్టుకుని వేలాడదీస్తే గోడ నిటారుగా ఉందో లేదో చెప్పేస్తుంది.

“పట్టుకెళ్లు. మనుషులు మాట మారుస్తారు. ఇది మార్చదు.”

“నెత్తి మీద జుట్టయినా ఆరకుండానే నాకు గుండు తగిలించారు,” అంటూ పిన్నిగారు దాన్ని హ్యాండ్‌బ్యాగులో పడేసుకున్నారు.

తెలిసినవాళ్లందరికీ ఆవిడ పిన్నిగారే. అడిగే ప్రశ్న పిన్నులా గుచ్చుకుంటుంది కాబట్టి ఆ వరస ఆవిడకి అతికినట్టు సరిపోయింది.

ఎనిమిదీ పదికి ఆవిడ విమానాశ్రయం హాల్లో నిలబడి, మెడ వెనక్కి వంచి, ఇంటికప్పు కేసి చూస్తూ ఒక్కో బీమూ లెక్కపెడుతున్నారు. ప్రయాణికులు కూడా ఏదో ఊడిపడుతుందేమోనని తలలెత్తి చూడటం మొదలుపెట్టారు. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

“పిన్నిగారూ, ఏం వెతుకుతున్నారండీ?”

“వంగిన బీము.”

“అది కనపడదండీ.”

“కనపడనంతగా వంగిందా?”

“ఎంత వంగినా కనపడదు. అది రేడియో బీమండీ!”

పిన్నిగారు మెల్లగా మెడ నిటారు చేసుకున్నారు. ఇంట్లో రేడియో కాస్తా రెండో అయి కూర్చుందన్నమాట. మేస్త్రిగారి చెవిని తిట్టుకోబోయి, ఆయన సంబరం గుర్తొచ్చి ఊరుకున్నారు.

“సరే, కనపడనిదాన్ని కనపడేట్టు చెప్పండి.”

మేనేజరు తన గదిలో కూర్చోబెట్టి చెప్పాడు. రన్‌వే ఆఖర్న యాంటెన్నాల వరస ఒకటి ఉంది. అది రన్‌వే నడిమధ్యగా ఆకాశంలోకి ఒక రేడియో దారి పరుస్తుంది. మంచులో నేల కనపడని పైలట్ తన ముందున్న ముల్లు చూసుకుంటూ ఆ దారినే దిగుతాడు. ముల్లు మధ్యలో ఉంటే విమానమూ రన్‌వేకి మధ్యలో ఉన్నట్టు.

“ఉన్నట్టా, నిజంగా ఉందా?”

“అక్కడే వచ్చింది గొడవ,” మేనేజరు నుదురు తుడుచుకున్నాడు. “మూడు వారాల కిందట ఒక పైలట్, ముల్లు మధ్యలోనే ఉంది, నేను మాత్రం మూడు మీటర్లు పక్కకి తేలాను అన్నాడు. పదిరోజుల కిందట ఇంకొకాయన, ఏడు మీటర్లు. నిన్న పొద్దున్న ఆరూ నలభైకి దట్టమైన మంచు. నూట పన్నెండు మందితో వచ్చిన విమానం పదకొండు మీటర్లు పక్కకి దిగబోయి, ఆఖరి క్షణంలో దీపాలు చూసి మళ్లీ పైకి లేచిపోయింది. మేం వెంటనే పరీక్ష చేస్తే మాత్రం అంతా సున్నా. ఒక్క తేడా లేదు.”

“మంచు రోజుల్లోనే ఎందుకు?”

“మిగతా రోజుల్లో పైలట్ కంటితో చూసి దిగుతాడండీ. ముల్లు ఏమన్నా పట్టించుకోడు.”

తలుపు తోసుకుని ఒక నడివయసావిడ వచ్చింది. విమానాల రాకపోకలు మైకులో చెప్పేది ఈవిడే. అందరూ మైకమ్మ అంటారు. విమానం మూడు గంటలు ఆలస్యమన్న సంగతి కూడా ఆ గొంతులో వింటే మైకం కమ్మినంత హాయిగా ఉంటుందని పేరు. ఆ గొంతే ఇప్పుడు జీరపోయింది.

“ఫోన్ చేసింది నేనే పిన్నిగారూ. ఆ యంత్రం చూసుకునే టెక్నీషియన్లు ఇద్దరు. పగలు మా ఆయన, రాత్రి మా తమ్ముడు. మా అమ్మ పోయాక వాణ్ని పెంచింది నేను, పని నేర్పింది ఆయన. పదకొండు గంటల మీటింగులో ఇద్దర్లో ఒకరి లైసెన్సు రద్దు చేసి పోలీసులకి అప్పగిస్తారట. ఎవరు తప్పించుకున్నా నాకు సగం ఇల్లే మిగులుతుంది.”

పిన్నిగారు ఆవిడ చేతి మీద చేయి వేశారు. “ఇద్దరూ ఏమనుకుంటున్నారు?”

“ఏమీ అనుకోరు. నాలుగేళ్లుగా వాళ్లిద్దరికీ మాటల్లేవు.”

ఎందుకని అడిగితే చెప్పింది. నాలుగేళ్ల కిందట పెద్ద తనిఖీ జరిగింది. బయటినుంచి వచ్చిన అధికారుల ముందు బావగారు ఒక రీడింగు తప్పు చదివారు. కళ్లజోడు లేదు. బావమరిది అందరిలో, “కాదు బావా, తప్పు చదివారు” అన్నాడు. నిజమే అన్నాడు. నిజం కాబట్టే అది మరీ గుచ్చుకుంది. శిష్యుడి చేత దిద్దించుకున్న గురువు ఆ రోజు నుంచి నోరు విప్పలేదు. ఆయన విప్పలేదని ఇతనూ విప్పలేదు.

“డ్యూటీలో ఎలా నెట్టుకొస్తున్నారు మరి?”

“మధ్యలో మూడో టెక్నీషియన్ ఉండేవాడండీ. ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసేవాడు. ఆపరేషనని నెల్లాళ్ల సెలవు పెట్టాడు. ఇప్పుడు రిజిస్టరే దిక్కు.”

“తమాషా ఇల్లమ్మా నీది. నువ్వేమో రోజంతా ముక్కూ మొహం తెలీనివాళ్లకి కబుర్లు చెబుతావు. వీళ్లు సొంతవాళ్లతో నోరు మెదపరు.”

అప్పుడే గ్రాఫు బాబు గదిలోకొచ్చాడు. ఇన్సూరెన్సు కంపెనీ పరిశోధకుడు. ఒకప్పుడు పిన్నిగారి దగ్గరే పని నేర్చుకుని, ఆవిడ తప్ప అందరూ తనంత తెలివైనవాళ్లు కారని నమ్మేవాడు. ఈమధ్య ఆ మినహాయింపు కూడా తీసేశాడు. చంకలో ఎప్పుడూ గ్రాఫు కాగితాల చుట్ట.

“మేడమ్, మీకు అనవసరంగా శ్రమ. కేసు అయిపోయింది.”

“అప్పుడే? నేను ఇంకా టీ కూడా తాగలేదు నాయనా.”

అతను బల్ల మీద కాగితం పరిచాడు. మూడు చుక్కలు, వాటిని కలుపుతూ పైకెక్కే గీత. “మూడు, ఏడు, పదకొండు. ఎవరో కావాలని పెంచుకుంటూ పోతున్నారు. బీముని పక్కకి జరిపే నాబుకి ఎర్ర లక్క సీలు ఉంటుంది. అది ఒలిచేసి ఉంది. మీరు మనుషుల్ని చూస్తారు, నేను గీతని చూస్తాను.”

“ఏ గీత దాటినా దాటేది మనిషే కదా. అయినా సీలు పోయినంత మాత్రాన శీలం పోయిందనకు. ముందు ఆ నాబు తిప్పినవాళ్ల తిప్పలేమిటో విందాం.”

“వినండి. పదకొండు వరకే.”

ఎనిమిదీ నలభై. బావగారు వచ్చారు. యాభై ఏడేళ్లు, ఇస్త్రీ చెడని చొక్కా, ముక్కు మీద కళ్లజోడు. చొక్కా జేబులో రబ్బరు బ్యాండు వేసిన చిన్న నోటుబుక్కు.

“అన్నయ్యగారూ, పొద్దున్న ఆరింటికి డ్యూటీ మారేటప్పుడు మీ బావమరిది మీకేం చెబుతాడు?”

“ఏం చెప్పడు. నేను ముందు తలుపులో వచ్చేసరికి వెనక తలుపులో వెళ్లిపోతాడు.”

“సాయంత్రం?”

“సాయంత్రం నేను వెనక తలుపు.”

“అంటే తలుపుల మీద పెద్దగా తలపులేమీ పెట్టుకోరన్నమాట. రిజిస్టరులో ఏం రాస్తారు?”

“అంతా సరిగ్గా ఉంది అని.”

“అంతా సరిగ్గా ఉంటే సీలు ఎవరు ఒలిచారు?”

ఆయన చేయి దానంతటదే చొక్కా జేబు మీదికి పోయింది. గుండె మీద వేసుకున్నట్టు కనిపించింది గానీ, వేసింది నోటుబుక్కు మీద.

“నేనే. నాబు తిప్పింది కూడా నేనే. రాసుకోండి. ఆ పిల్లాడికి దీంతో ఏ సంబంధమూ లేదు.”

గ్రాఫు బాబు కలం తీశాడు. పిన్నిగారు ఆ కలాన్ని రెండు వేళ్లతో పక్కకి జరిపారు. “నేను పిల్లాడి సంగతి అడగలేదే అన్నయ్యగారూ?”

ఆయన తల దించుకుని బయటికి నడిచారు.

తొమ్మిదీ ఐదు. ఇంటినుంచి పిలిపించిన బావమరిది వచ్చాడు. ముప్ఫై ఏళ్లుంటాయి. రెండు కళ్లూ మందారాల్లా ఉన్నాయి. ఎనిమిది నెలల కవలల తండ్రి. ఒక భుజం మీద పాల మరక ఆరింది, ఇంకో భుజం మీది మరక ఇంకా ఆరలేదు. జేబులో రబ్బరు బ్యాండు వేసిన చిన్న నోటుబుక్కు.

“నాబు ఎవరు తిప్పారు బాబూ?”

“నేనేనండీ.”

గ్రాఫు బాబు కలం మళ్లీ ఆగింది.

“నేనే తిప్పాను. మా బావకి ఏమీ తెలీదు. ముప్ఫై ఒక్కేళ్లు చేశారు, మచ్చ లేదు. ఇంకో ఏడాదిలో రిటైరవుతారు. ఆయన జోలికి పోకండి. కావాలంటే నా లైసెన్సు ఇప్పుడే తీసుకోండి.” నిజంగానే తీసి బల్ల మీద పెట్టాడు.

అతను వెళ్లాక గ్రాఫు బాబు విసుగ్గా జుట్టు పీక్కున్నాడు. “ఒక్క నేరానికి ఇద్దరు నేరస్తులా! ఎవరో ఒకళ్లు అబద్ధం ఆడుతున్నారు.”

“ఇద్దరూ నిజమే చెబుతున్నారేమో.”

“అంటే కుట్ర!”

“మాటల్లేకుండా కుట్ర ఎలా చేస్తారయ్యా? సైగలతోనా?” పిన్నిగారు హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకున్నారు. “నీ గీత ఇంకోసారి చూడు. మనిషి చెయ్యి ఇంత బుద్ధిగా ఒక్కవైపే నడవదు. ఒక రోజు అటు, ఒక రోజు ఇటు ఊగుతుంది. ఇలా తొందర లేకుండా, విసుగు లేకుండా, రోజుకి కాస్త చొప్పున జరిగేది మనిషి కాదు. పద, ఆ గదికి పోదాం. ఇద్దర్నీ అక్కడికే రమ్మను.”

రన్‌వే చివర యాంటెన్నాల వెనకాల ఒంటి గది. తొమ్మిదీ నలభైకి ముందు తలుపులోంచి బావగారు, వెనక తలుపులోంచి బావమరిది లోపలికొచ్చారు. గది చిన్నది కాబట్టి ఒకరి ఊపిరి ఒకరికి తగులుతుంది. ఒకరి చూపు మాత్రం ఒకరికి తగలకుండా ఇద్దరూ గోడల్ని పంచుకున్నారు.

బీరువా అంత యంత్రం మధ్యలో గాజు వెనక ఒక ముల్లు. సున్నా మీద బుద్ధిగా నిలబడి ఉంది.

“ఈ ముల్లుకి బీము మధ్యలో ఉందని ఎవరు చెబుతారు?”

బావగారు మేనేజరు వైపు తిరిగి చెప్పారు, వెనకున్నవాడికి వినపడేట్టు. “బయట ముప్ఫై మీటర్ల దూరంలో, సరిగ్గా నడిగీత మీద ఒక స్తంభం ఉంది. దాని తలమీద ఒక చిన్న యాంటెన్నా. మా బీముని అదే ఎప్పుడూ కనిపెట్టి చూసి ఈ ముల్లుకి చెబుతుంది. ముల్లు మరీ పక్కకి పోతే యంత్రం తనంతట తనే ఆగిపోతుంది. కాస్త పోతే మేం చూసుకోవాలి.”

“ఇంకో పరీక్ష కూడా ఉందని ఆయనకి చెప్పండి,” అన్నాడు బావమరిది పిన్నిగారితో.

“ఆయనకి తెలుసని అతనికి చెప్పండి,” అన్నారు బావగారు మేనేజరుతో.

“నాకెవరైనా చెప్పండయ్యా!” అన్నారు పిన్నిగారు.

నెలకోసారి చేసే పరీక్ష అది. ఒకరు చేతిలో పట్టే రిసీవరు తీసుకుని రన్‌వే అవతలి కొసన, నడిగీత మీద నిలబడాలి. ఒకరు ఈ గదిలో ఉండాలి. అక్కడి అంకె వాకీటాకీలో చెబుతుంటే ఇక్కడ రాసుకోవాలి. పిన్నిగారు రిజిస్టరు తిప్పారు. ఆ పరీక్ష చేసి అయిదు వారాలయింది. ‘వాన, వాయిదా’ అని ఒక చేతివ్రాత. ‘వాయిదా’ అని ఇంకో చేతివ్రాత.

“మూడో మనిషి సెలవులో ఉన్నాడు. ఇద్దరే ఉన్నారు. మాట్లాడుకుంటే గానీ అయ్యే పరీక్ష కాదు. వాన కాదిది, మీ వాదు వాయిదా వేసింది.” ఆవిడ చేయి చాపారు. “మీ జేబుల్లో నోటుబుక్కులు ఇటివ్వండి. ఇద్దరివీ.”

ఇద్దరూ ఒకేసారి జేబులు మూసుకున్నారు.

“ఒకే కంపెనీ పుస్తకం, ఒకే రబ్బరు బ్యాండు. పనిలో చేరిన రోజున మీరు కొనిచ్చి ఉంటారు, అవునా అన్నయ్యగారూ? ఏం తిప్పినా ముందు ఇందులో రాసుకో, తర్వాత రిజిస్టరులో ఎక్కించు అని నేర్పి ఉంటారు. ముందు రాసుకోవడం ఇద్దరూ మానలేదు. తర్వాత ఎక్కించడమే ఎగ్గొట్టారు. పైకి చదవను. ఒట్టు.”

పుస్తకాలు బల్ల మీదికొచ్చాయి. పిన్నిగారు రెండూ పక్కపక్కన తెరిచి, ఒక్కో తేదీ మీద వేలు పెట్టుకుంటూ పోయారు. ఒక పుస్తకంలో ఆరుసార్లు, ఇంకోదాంట్లో అయిదు. ఒకరి తేదీల మధ్య సందుల్లో ఇంకొకరి తేదీలు జడలో పాయల్లా కూర్చున్నాయి. తేదీ కింద ఇద్దరూ ఒక్కో వాక్యం రాసుకున్నారు. రెండో పుస్తకం సగంలో ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. తుడవాల్సింది అద్దాలు కావు.

“ఏముంది మేడమ్?” గ్రాఫు బాబు మెడ సాచాడు.

“పదకొండుసార్లు తిప్పారు. ప్రతిసారీ ఒక్క గీతే. పదకొండుసార్లూ కాలువ వైపే.”

బావగారు చటుక్కున తలెత్తారు. బావమరిది కూడా. నాలుగేళ్లలో మొదటిసారి ఇద్దరి కళ్లూ కలిశాయి, వెంటనే విడిపోయాయి.

“ఏ కాలువ?” అని మళ్లీ ఆవిడే అడిగారు.

మేనేజరు కిటికీలోంచి చూపించాడు. నెల కిందట వాననీళ్లు పోవడానికి కొత్తగా తవ్వించిన కాలువ. స్తంభం పాదానికి రెండడుగుల దూరంలోంచే పోతోంది. పిన్నిగారు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, తడిగడ్డిలో అటు నడిచారు. ముప్ఫై మీటర్లు. మనిషిన్నర ఎత్తు స్తంభం. నేల కాస్త ఏటవాలు కావడంతో కంటికి బాగానే ఉంది. ఆవిడ హ్యాండ్‌బ్యాగు తెరిచి ఇత్తడి గుండు తీశారు.

“ఇదేమిటండీ?” అన్నాడు మేనేజరు.

“మా ఇంటి రేడియో,” అన్నారు పిన్నిగారు.

గది నుంచి నిచ్చెన తెప్పించారు. బావమరిది ఎక్కి, స్తంభం తల దగ్గర దారం పట్టుకున్నాడు. గుండు ఊగి, ఊగి, ఆగింది. స్తంభం పాదాన్ని తాకలేదు. కాలువ వైపు, గాలిలో, దూరంగా నిలిచిపోయింది. నిచ్చెన కింద పట్టుకున్న బావగారు కళ్లజోడు సరిచేసుకుని మళ్లీ చూశారు.

గ్రాఫు బాబే వంగి స్కేలు పెట్టాడు. “పన్నెండు సెంటీమీటర్లు.”

“లెక్కలు నీకు బాగా వచ్చు. ఇక్కడ పన్నెండైతే అక్కడ, విమానం దిగే కొసన, ఎంత?”

“యాంటెన్నా నుంచి ఇది ముప్ఫై మీటర్లు. అది రెండు వేల ఏడు వందలు. తొంభై రెట్లు.” గ్రాఫు కాగితం వెనక గబగబా గుణించాడు. కలం ఆగిపోయింది. “దగ్గర దగ్గర పదకొండు మీటర్లు.”

పిన్నిగారే అందుకున్నారు. “వానకి కాలువ గట్టు మెత్తబడింది. స్తంభం రోజుకి పిసరంత వాలింది. వాలిన స్తంభం ‘బీము పక్కకి పోయింది’ అని ముల్లుకి చాడీ చెప్పింది. ముల్లుని సున్నాకి తేవడానికి వీళ్లు మంచి బీముని పక్కకి తిప్పారు. వంకర అద్దంలో చూసుకుని పాపిట తీసుకున్నారు. మీరు మళ్లీ అదే అద్దంలో చూసి, పాపిట తిన్నగా ఉందన్నారు. స్తంభం వాలింది కాబట్టే విమానం వాలలేకపోయింది.”

“మేడమ్, ఒక్క నిమిషం.” గ్రాఫు బాబు మేనేజరు వైపు తిరిగాడు. అతని గొంతులో దర్పం ఎటో పోయింది. “పదకొండూ నలభైకి ఒక విమానం ఉంది కదూ? అటు చూడండి, మబ్బు పడుతోంది. ఈ యంత్రం ఇప్పుడే కట్టెయ్యండి. కంటికి నేల కనపడితే దిగుతారు, లేకపోతే పక్క ఊరికి పోతారు. ముల్లుని మాత్రం నమ్మకూడదు.”

పిన్నిగారు అతని వీపు తట్టారు. పాత శిష్యుడు, ఎంతయినా.

పైలట్లందరికీ కబురు పంపించి, పదీ పన్నెండుకి యంత్రాన్ని సేవలోంచి తప్పించారు. ఇక పరీక్ష కోసం మాత్రమే అది పలుకుతుంది.

“పదకొండు గంటల మీటింగుకి రుజువు కావాలి కదా,” అన్నారు పిన్నిగారు. “అయిదు వారాలుగా ఆగిన పరీక్ష ఇప్పుడు చేద్దాం. అన్నయ్యగారు అవతలి కొసకి. బాబు గదిలో. మధ్యవర్తులెవరూ ఉండరు.”

బావగారు రిసీవరు తీసుకుని జీపెక్కారు. మిగతావాళ్లంతా మైకమ్మ గాజుగదికి చేరారు. అక్కడినుంచి రన్‌వే మొత్తం కనపడుతుంది. పిన్నిగారు స్తంభం సంగతీ, మేస్త్రిగారు రేడియోని రెండో అని విని గుండు ఇచ్చిన సంగతీ మైకమ్మకి చెప్పి, ఇంకో వాకీటాకీని మైకు పక్కనే బల్ల మీద పెట్టారు. మైకమ్మ ఏమీ అడగలేదు. రెండు చేతులూ బల్ల మీద గట్టిగా నొక్కిపెట్టి, దూరాన చీమలా కనిపిస్తున్న భర్తని చూస్తూ కూర్చుంది. పదీ నలభై.

వాకీటాకీ చాలాసేపు బుస్సుమంది. తర్వాత ఒక దగ్గు. అవతలినుంచి ఇంకో దగ్గు.

“గదినుంచి.”

“చెప్పు.”

“ముల్లు ఎంత చూపిస్తోంది?”

“ఎవరిని అడుగుతున్నావు?”

మళ్లీ బుస్సు.

“మిమ్మల్నే. ముల్లు ఎంత చూపిస్తోంది... బావా?”

“నడిగీత మీదే నిలబడ్డాను. కాలువ వైపు, పదకొండు మీటర్లు.”

“కళ్లజోడు పెట్టుకున్నారా బావా?”

గాజుగదిలో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గ్రాఫు బాబు కళ్లు మూసుకున్నాడు. అయిపోయింది, మళ్లీ నాలుగేళ్లు, అనుకున్నాడు.

“పెట్టుకున్నాను,” అంది దూరపు గొంతు. “ఆ రోజు నుంచీ తియ్యలేదురా. నువ్వు నిద్రపోయావా?”

“లేదు బావా. చిన్నదానికి పళ్లొస్తున్నాయి. ఒకటి ఏడిస్తే రెండోది ఊరుకోదు.”

“అందుకే అనుకున్నాను. పొద్దున్న వచ్చేసరికి ముల్లు పక్కకి ఉండేది. నిద్రమత్తులో నువ్వు తప్పు తిప్పావనుకుని సరిచేశాను. రిజిస్టరులో రాస్తే నీ మీదికి వస్తుందని రాయలేదు.”

“నేనూ అంతే బావా. సాయంత్రం వస్తే ముల్లు పక్కకి. మీరు కళ్లజోడు మరిచిపోయి ఉంటారనుకున్నా. ఒకసారి నలుగురిలో నోరు జారాను. ఇంకోసారి మీ తప్పు కాగితం మీద పెట్టలేకపోయాను.”

“మరి నిజమే అన్నావు కదరా ఆ రోజు. రీడింగు తప్పే.”

“నిజమే గానీ బావా, బయటికొచ్చాక చెప్పాల్సింది.”

“నేనూ... బయటికొచ్చాకైనా మాట్లాడాల్సింది.”

చెప్పాల్సింది అయిపోయినా ఇద్దరూ వాకీటాకీలు కట్టెయ్యలేదు.

మేనేజరు పక్కకి తిరిగి గట్టిగా ముక్కు చీదాడు. గ్రాఫు బాబు తన నివేదిక ఫారం తీశాడు. “మేడమ్, దోషి అన్న చోట ఏం రాయను?”

“స్తంభం అని రాయి.”

“సహకరించినవారు?”

“మౌనం. వీళ్లకి మందలింపు పడాలి, అది వేరే. తిప్పింది రాయకపోవడం తప్పే, నూట పన్నెండు మంది ప్రాణాల సంగతి. కానీ లైసెన్సు పీకితే రేపు వచ్చేవాళ్లు కూడా ఇదే తప్పు చేస్తారు. ఆ స్తంభానికి సిమెంటు దిమ్మె పొయ్యండి. అవతల ఇంకో స్తంభం పాతండి, ఒక్క అద్దాన్నే నమ్మకుండా. డ్యూటీ మారేటప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, నోటితో చెప్పుకుని, ఒకే పేజీ మీద సంతకం పెట్టాలి. అన్నిటికంటే ముందు ఆ గది రెండో తలుపుకి తాళం వెయ్యండి.”

సరిగ్గా అప్పుడు గాజుకి అవతల, కింద హాల్లో ఏదో తేడాగా ఉందని పిన్నిగారు గమనించారు. రెండు వందల మంది ప్రయాణికులు పెట్టెలు వదిలేసి, తలలెత్తి స్పీకర్ల కేసే చూస్తున్నారు. ఒకాయన బోర్డు మీద ‘బావ’ అనే ఊరు ఎక్కడుందా అని వెతుకుతున్నాడు. ఒకావిడ పమిటతో కళ్లొత్తుకుంటోంది. కౌంటర్ల దగ్గర వరసలు కదలడం మానేశాయి.

ఆవిడ చూపు బల్ల మీదికి దిగింది. మైకు పక్కన వాకీటాకీ. మైకు కింద ఎర్రదీపం వెలుగుతోంది. బల్ల అనుకుని మైకమ్మ ఇందాకటినుంచీ గట్టిగా నొక్కిపెట్టింది మైకు బటను.

“అమ్మాయీ,” అన్నారు పిన్నిగారు మెల్లగా, “నీ ఇంటి మాటలు ఊరంతా విన్నారే!”

మైకమ్మ కెవ్వుమంది. అదీ వినపడింది. మేనేజరు చేతులతో సైగలు చేశాడు: ఏదో ఒకటి చెప్పు, జనం గాభరా పడుతున్నారు. ఆవిడ గొంతు సవరించుకుంది. ఇరవై ఏళ్ల అలవాటు ఆవిడని నిటారుగా కూర్చోబెట్టింది.

“ప్రయాణికులకు గమనిక. ఇప్పుడు మీరు విన్నది విమాన ప్రకటన కాదు. ఒకరు మా ఆయన, ఒకరు మా తమ్ముడు. మీ విమానాలకి దారి చూపించేది వీళ్లే. యంత్రం తప్పు చెబుతుంటే, అది అవతలివాడి తప్పనుకుని, వాడికి మాట రాకుండా ఒకరికి తెలియకుండా ఒకరు సర్దారు. దానివల్ల పొరపాటు పెరిగింది. మాట్లాడుకుని ఉంటే మొదటిరోజే తెలిసేది. ఇప్పుడు తెలిసింది. యంత్రం ఆపాం. బాగుచేసి, పరీక్షించి, మళ్లీ పెడతాం. అంతవరకు విమానాలు కంటిచూపుతో దిగుతాయి, భయపడకండి. ఇందాక ఒకావిడ ఇంటికప్పు కేసి చూస్తే మీరందరూ చూశారు. కప్పుకి ఏమీ కాలేదు. వాళ్లాయన ఫోన్లో రేడియో బీముని రెండో బీము అని విన్నారు. అందుకే ఆవిడ చేతికి గుండు ఇచ్చి పంపారు. ఆ గుండు వల్లే మా ఇల్లు నిలబడింది.”

రన్‌వే మీద, దూరాన, జీపు వెనక్కి తిరిగింది. గది తలుపు తెరుచుకుని ఒక మనిషి బయటికొచ్చాడు. జీపు కోసం ఆగకుండా దానికి ఎదురు నడవడం మొదలుపెట్టాడు.

మైకమ్మ నోటికి అలవాటైన చివరి వాక్యం మీద చేయి వేసి నిలదొక్కుకుంది.

“ఆలస్యానికి చింతిస్తున్నాం,” అంది. ఆగి, ఆ ఇద్దర్నీ ఇంకోసారి చూసుకుంది. “నాలుగేళ్ల ఆలస్యానికి.”